గోడ మీది గడ్డి

మొన్న కంటి పరీక్షకని ఒంగోలు వెళ్లాను. కొత్త ఆసుపత్రి, ఏసీ హాలు, కూర్చుంటే లోపలికి దిగిపోయే కుర్చీలు. ఎదురుగా గోడ పొడవునా ఒక ఫోటో. మంచు కొండలు, వాటి కింద సూదుల్లా నిలబడ్డ చెట్లు, వాటి ముందు నీలం రంగు సరస్సు. నా కళ్లలో చుక్కలు వేసి కూర్చోబెట్టారు కాబట్టి కాసేపటికి సరస్సూ కొండా కలిసిపోయాయి. పక్కన ఒకావిడ, పొదిలి వైపు మనిషి అనుకుంటాను, చాలాసేపు ఆ ఫోటో వంక చూసి, "అక్కా, ఆ ఊరు యాడుంది?" అని అడిగింది. నాకూ తెలీదన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయిని అడిగితే, "అది నెట్‌లో తీసుకున్నది మేడం" అంది.

నాకు పైకే నవ్వొచ్చింది. ఆవిడ నా వంక అదోలా చూసింది. మా వార్డుకు ఫోటోలు తెచ్చే ఆయన ఉండుంటే ఏమనేవాడో నాకు తెలుసు మరి. ఆసుపత్రి గోడకు ఫోటో పెడితే ఆ చోటుకు ఏ బస్సు పోతుందో చెప్పగలగాలి అనేవాడు. బస్సు పోని చోటైతే ఎక్కడ దిగి ఎంతదూరం నడవాలో చెప్పాలి. "చూసినోడికి పోవాలనిపిచ్చి, యాడికి పోవాల్నో తెలియకపోతే, వాణ్ణి ఎక్కిరిచ్చినట్టే గదా సిస్టరూ" అనేవాడు. ఆయన పోయి ఏడాది దాటింది. ఇప్పటికీ ఎక్కడన్నా గోడ మీద ప్రకృతి దృశ్యం కనిపిస్తే నేను ముందు వెతికేది బస్సు దారే.

గిద్దలూరులో స్టూడియో ఆయనది. పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పాస్‌పోర్టు ఫోటోలు. నేను మార్కాపురంలో ఒక డయాలసిస్ వార్డులో స్టాఫ్ నర్సుని. కిడ్నీలు చెడిపోయినవాళ్లు వారానికి రెండు మూడుసార్లు వస్తారు. వస్తే నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి. చేతికి గుచ్చిన సూదుల్లోంచి రక్తం మిషన్లోకి పోయి, శుభ్రపడి తిరిగి వస్తుంది. ఆ నాలుగు గంటలూ వాళ్లు చూసేది ఎదురుగా ఉన్న గోడని. అప్పట్లో ఆ గోడకు లేత ఆకుపచ్చ రంగు, పైన ఒక మూల చెమ్మ మరక, అంతే. ఆ మరక మేకలా ఉందని ఒకరు, కాదు బస్సులా ఉందని ఇంకొకరు అనుకునేవాళ్లు.

ఆయన్ని మా వార్డులో పేరుతో పిలిచినవాళ్లు లేరు. అన్నా, మామా, అల్లుడా, బావా, ఎవరికి ఏది తోస్తే అది. అన్నిటికీ పలికేవాడు. నేనూ ఇక్కడ పేరు రాయను.

మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు దిగి ఆటోలో వచ్చాడు. పాత చీరలో చుట్టిన పెద్ద ఫ్రేము చంకలో ఉంది. గోడకు ఫోటో పెట్టడానికి ఒకాయన వస్తాడని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు కాబట్టి నేను లోపలికి రమ్మన్నాను. ఆయన అడుగు పెట్టగానే వార్డంతా గప్‌చుప్ అయిపోయింది. ఆ చివరి మంచం మీదున్న అవ్వ తల ఎత్తి, "ఎవురు పోయినారు నాయనా?" అని అడిగింది.

మా వైపు ఫ్రేము కట్టిన పెద్ద ఫోటో అంటే రెండే. దేవుడైనా కావాలి, పోయినవాళ్లైనా కావాలి. బతికున్న మనిషికి అంత ఫోటో ఎవరూ చేయించరు. డయాలసిస్ వార్డులోకి చీర చుట్టిన ఫ్రేముతో మనిషి వస్తే వాళ్లు ఇంకేమనుకుంటారు? కిందటి వారం కనిపించని మనిషి ఎవరా అని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. చిత్రమేమిటంటే ఆ పోయినవాళ్ల ఫోటోలు పెద్దవి చేసి ఇచ్చేది ఆయనే. "నాకు సగం అన్నం పెట్టింది పోయినోళ్లే" అని తర్వాత ఎన్నోసార్లు అన్నాడు. అయినా ఆ రోజు ఆ సంగతి ఆయన బుర్రకు తట్టలేదు.

నాలిక కరుచుకుని, గబగబా చీర విప్పి, ఫ్రేము ఎత్తి పట్టుకుని మంచం మంచానికీ తిప్పాడు. "దేవుడు గాదు. పోయినోళ్లు గాదు. కొండ, అవ్వా. వట్టి కొండ!" అవ్వ అయినా ఎందుకైనా మంచిదని ఒక దండం పెట్టుకుంది. ఆయన నన్ను కత్తెర అడిగి, అక్కడే నేల మీద కూర్చుని ఫ్రేము ఊడదీశాడు. మేకులు వార్డంతా దొర్లాయి. పేషెంట్లు చెప్పుల్లేకుండా తిరిగే చోటని నేను కసిరితే, మారు మాట్లాడకుండా చీపురు తీసుకుని ఊడ్చి, మంచాల కింద దూరి మరీ వెతికాడు. అప్పటినుంచి ఎప్పుడూ ఫ్రేము కట్టలేదు. సన్‌బోర్డు అనే తేలిక అట్ట మీద అంటించి తెచ్చి, క్లిప్పులతో తగిలించేవాడు.

నేను కొంచెం నోరు దురుసు మనిషిని. వార్డులో పనికిరాని వస్తువు ఒకటి ఉంటే నాకు చిరాకు. "ఫోటో చూస్తే రక్తంలో క్రియాటినిన్ తగ్గుతుందా అన్నా?" అని ఆ మొదటివారమే అడిగాను.

"తగ్గదు" అన్నాడు.

"మరెందుకు ఈ తిప్పలు?"

"పండుకున్నోడికి ఎదురుగా ఏదో ఒకటి ఉండాల గదా సిస్టరూ. మరక కన్నా కొండ మేలు."

ఈ పని ఎందుకు పెట్టుకున్నాడో నేను చాలాసార్లు అడిగాను. ఒక్కోసారి ఒక్కో కారణం చెప్పేవాడు. ఒకసారి వాళ్ల అక్క ఇలాంటి మంచం మీదే పోయిందన్నాడు. ఇంకోసారి, భార్య ఇంట్లో ఫోటోలు పెట్టుకోవడానికి చోటు లేదు పొమ్మంది అన్నాడు. మరోసారి మాత్రం గొంతు తగ్గించి, "పెళ్లి ఫోటోలు తీసీ తీసీ విసుగొచ్చింది సిస్టరూ. అందురూ నన్ను తెల్లగ చెయ్యి, నన్ను తెల్లగ చెయ్యి. కొండ ఎప్పుడన్నా అట్ల అడిగిందా?" అన్నాడు. మూడూ నిజమే అయ్యుంటాయని ఇప్పుడనిపిస్తుంది.

మనిషి సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవాడు. ఒంటిమీద బోలెడు జేబులున్న ఖాకీ కోటు. వాటిలో కెమెరా సామాన్లు ఉంటాయనుకునేదాన్ని. ఒకసారి వక్కపొడి కోసం వెతుకుతూ అన్నీ బయటపెడితే, మూడొంతులు వక్కపొడి పొట్లాలే. మాట్లాడేటప్పుడు ఎడమ కన్ను మూసేవాడు. ఎవరితో మాట్లాడినా కెమెరాలోంచి చూస్తున్నట్టే. అలవాటు కొద్దీ అందరికీ "కదలొద్దు" అని చెప్పేవాడు. సూది గుచ్చే ముందు నేను చెప్పాల్సిన మాట ఆయన చెప్పేవాడు. దిగువమెట్ట కనుమలో కొండ ఫోటో తీసేటప్పుడు కూడా, "అట్లే ఉండు, అట్లే ఉండు, కదలొద్దు" అంటాడని ఆయన తోడు వెళ్లిన ఆటో డ్రైవరు చెప్పి నవ్వాడు.

నవ్వులు సరే, తప్పులు కూడా గట్టివే చేశాడు.

ఒక వానాకాలం నల్లమలలో ఎక్కడో రాళ్ల మీంచి వాగు దూకుతుంటే ఫోటో తీసి తెచ్చాడు. ఆయన తీసినవాటిల్లో అంత అందమైనది నేను చూడలేదు. తెల్లటి నీళ్లు, నాచు పట్టిన రాళ్లు, పైనుంచి పడే తుంపర. తగిలించి, చేతులు కట్టుకుని, మెచ్చుకోలు కోసం నిలబడ్డాడు. ఒక్కొక్కరే మొహం పక్కకు తిప్పుకున్నారు. గంట గడిచాక అవ్వ గొంతు వినపడింది. "అయ్యా, దాన్ని తీసెయ్ నాయనా. నాలిక పీక్కపోతా ఉంది."

ఆయనకు అర్థం కాలేదు. నేనే పక్కకు పిలిచి చెప్పాను. వీళ్లకు తాగిన నీళ్లు బయటికి పోవు. ఒంట్లోనే ఉండిపోయి కాళ్లకు, ఊపిరితిత్తులకు చేరతాయి. అందుకని రోజుకు ఇన్ని గుక్కలే అని లెక్క పెట్టి ఇస్తాం. మండు వేసవిలో కూడా నోట్లో ఐసు ముక్క చప్పరించి ఊరుకోవాలి. వింటున్నంతసేపూ ఆయన రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి. వెళ్లి ఫోటో దింపి, గోడవైపు తిప్పి పెట్టి, స్టూలు మీద కూలబడ్డాడు. "దప్పికైనోళ్లకు ఏరు చూపిచ్చినా గదా సిస్టరూ. ఏం మనిషిని నేను" అన్నాడు. అవ్వ మంచం దగ్గరికి పోయి, "తప్పయిపోయింది అవ్వా" అని ఆమె కాళ్ల దగ్గర దుప్పటి సరిచేశాడు. ఆ మనిషి మీద నాకు నిజంగా ఇష్టం పుట్టింది ఆ రోజే.

తర్వాత ఆయన ఫోటోల్లో చుక్క నీరు కనపడలేదు. గిద్దలూరు నుంచి కంభం చెరువు మీదుగానే వచ్చిపోయే మనిషి ఆ చెరువు ఫోటో ఒక్కటి తేలేదు. వాగులు పోయాక సూర్యుడి మీద పడ్డాడు. బీడు మీద ఎర్రగా దిగిపోతున్న పొద్దును తెస్తే, తర్లుపాడు రైతు ఒకాయన, "ఆ ఎండ బయట చాల్లేదా మామా, లోపలికి గూడా మోసుకొచ్చినావు?" అన్నాడు. అదీ దిగిపోయింది.

చివరికి కుదిరింది మబ్బు. కంది చేను మీదికి కమ్ముకొస్తున్న నల్ల మబ్బు. ఫోటోలో ముప్పాతిక భాగం అదే. డాక్టరుగారికి మొదట నచ్చలేదు. పేషెంట్లకు కాస్త వెలుగ్గా, ఉల్లాసంగా ఉండేది పెడితే బాగుంటుందేమో అన్నారు పాపం. ఆవిడ పెరిగింది విశాఖపట్నంలో. మా వాళ్లకు నల్ల మబ్బు కన్నా ఉల్లాసం ఇంకేముంటుంది? తగిలించిన ఐదు నిమిషాలకే తర్లుపాడు రైతు, "ఇది కురుస్తాది" అన్నాడు. పక్క మంచం ఆయన, "ఏం కురుస్తాదిలే. కింద చూడు, గాలి యా పక్కకుందో. కొట్టుకపోతాది" అన్నాడు. అంతే, వార్డు రెండు పార్టీలైంది. ఆ రోజు టైమెంతైందని నన్ను ఎవరూ అడగలేదు. నాలుగు గంటలయ్యాక సూదులు తీస్తుంటే, "అప్పుడే ఐపాయెనా?" అన్నారు.

ఆ మబ్బు కురిసిందో లేదో చెప్పమని అందరూ ఆయన వెంటపడ్డారు. "అది చెప్తే రేపొచ్చి ఏం చూస్తారు?" అని తప్పించుకున్నాడు. టీ కొట్టు దగ్గర నాకు మాత్రం చెప్పాడు. ఒక్క చినుకు పడలేదట.

ఇక గొర్రెల తాత సంగతి.

కొనకనమిట్ల అవతల ఊరు ఆయనది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ గొర్రెలు కాయడమే. భార్య పోయింది, ఉన్నది ఒక్క కూతురు. సోమ, గురువారాలు ఆ అమ్మాయి గొర్రెల్ని పక్కింటివాళ్లకు అప్పజెప్పి, తండ్రిని బస్సులో తీసుకొచ్చేది. వచ్చిన ప్రతిసారీ తాత ఒకటే పాట. "ఇదే ఆఖరు పాపా. మంచం మీద పండుకోని రక్తం కడిగిచ్చుకుంటా ఉంటే అదేం బతుకు? ఆడ జీవాలు నా కోసం అరుస్తా ఉంటాయి." మానేస్తే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, కూతురికీ తెలుసు. ఒకటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల్లో నీరు నిండుతుంది. తర్వాత మేం చేయగలిగింది ఉండదు. "మా నాయన మాట నా మీద చెల్లుతాది గానీ, నా మాట ఆయన మీద చెల్లదు సిస్టరమ్మా. మీరన్నా చెప్పండి" అని ఆ అమ్మాయి నా చేతులు పట్టుకునేది. నేను చెప్పేదాన్ని, కోప్పడేదాన్ని, డాక్టరుగారి చేత చెప్పించేదాన్ని. తాత అన్నీ విని, వెళ్లేటప్పుడు మళ్లీ అదే మాట అనేవాడు.

మన ఫోటో ఆయన ఇది గమనించాడు. ఒకరోజు స్టూలు లాక్కుని తాత పక్కన కూర్చుని, "మామా, మీ జీవాలు మేసే కొండ యా పక్క? బస్సు యాడ దిగాల?" అని మొదలుపెట్టాడు. తాత మొదట ముక్తసరిగా చెప్పాడు. తర్వాత చెయ్యి కదపకూడదన్న సంగతి మర్చిపోయి, గాల్లో కొండ గీసి చూపించాడు. మిషన్ అలారం మోగితే నేను పోయి ఇద్దర్నీ తిట్టాను.

తొలకరి పడిన వారానికే ఆ కొండ మా గోడ మీదికి వచ్చింది. ఎర్ర రాళ్లు, చిన్న చిన్న కంపలు, రాళ్ల సందుల్లో అప్పుడే లేచిన సన్నటి పచ్చగడ్డి. తాత మంచం మీద పడుకుని తల తిప్పి చూశాడు. చూసి ఒక్కటే అడిగాడు.

"ఎప్పుడు తీసినావు అల్లుడా ఇది?"

"మొన్న ఆదివారం మామా."

నాలుగు గంటలూ దాని వంకే చూశాడు. దిగి వెళ్లేటప్పుడు "ఇదే ఆఖరు" అనలేదు. కూతురి మొహం వెలిగిపోయింది. నేనూ ఆయనా టీ కొట్టు దగ్గర సంబరపడ్డాం. ఎప్పుడూ ఒక్క టీతో సరిపెట్టే మనిషి రెండోది కూడా చెప్పాడు. "చూసినావా సిస్టరూ, మందు పనిచేసింది" అన్నాడు. తన ఫోటోను మందు అనడం అదే మొదలు.

ఆ వచ్చే సోమవారం తాత రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. గురువారం కూడా మంచం ఖాళీగానే ఉంది. పొద్దెక్కాక కూతురే ఫోన్ చేసింది. కొండ మీంచి కాబోలు, గాలి హోరు. "సిస్టరమ్మా, నాయన జీవాల్ని తోలుకోని కొండెక్కినాడు. రోజూ అదే పని. రమ్మంటే రాడు. గడ్డి వచ్చిందంట గదా, ఫోటోలో చూసినాడంట. ఈ పొద్దు ఆయాసం ఎక్కువుంది. నాకు భయమైతాంది."

ఫోటో ఆయన అప్పటికే వార్డులో ఉన్నాడు. నేను చెప్పగానే మొహం తెల్లబోయింది. గోడ మీది కొండ వంక ఒకసారి, ఖాళీ మంచం వంక ఒకసారి చూశాడు. "నేనే పంపిచ్చినా సిస్టరూ ఆయన్ని. నేనే" అంటూ బయటికి పరిగెత్తి ఆటో పిలిచాడు. డాక్టరుగారు ఒక మిషన్ ఖాళీగా ఉంచుతానని, నన్ను కూడా వెళ్లమన్నారు. దారి పొడవునా ఆయన వక్కపొడి పొట్లం కూడా తీయలేదు. మెడలో కెమెరా ఉంది కానీ దాన్ని ముట్టుకోలేదు.

కూతురు కొండ కింద ఎదురొచ్చి మమ్మల్ని పైకి తీసుకెళ్లింది. తాత ఒక బండ మీద కర్ర పట్టుకుని కూర్చుని ఉన్నాడు. పాదాలు పొంగి చెప్పులు పట్టక పక్కన విడిచాడు. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీసుకుంటున్నాడు. మొహం మాత్రం పెళ్లింట్లో కూర్చున్న మనిషి మొహమే. గొర్రెలు చుట్టూ పరుచుకుని మేస్తున్నాయి.

"తాతా, ఈ ఆయాసం ఎప్పట్నుంచి?" అన్నాను.

"అదుంటే ఉందిలే పాపా. చూడు, జీవాలు ఎట్ల మేస్తా ఉండాయో."

ఆయన తాత ముందు గొంతుక్కూర్చున్నాడు. "మామా, లెయ్. పోదాం. ఆటో ఉంది."

"నేను రాను. గడ్డి చూపిచ్చింది ఎవురు? నువ్వే గదా అల్లుడా. గడ్డి వచ్చిందని కబురు చెప్పి, ఇప్పుడు పోవద్దంటే ఎట్ల?"

"అది కబురు గాదు మామా. ఫోటో."

"గడ్డి కనపడినాక కబురు గాక ఏంది?"

మేమందరం ఆ ఫోటో అందానికి తాత మైమరచిపోయాడనుకున్నాం. ఆయన నాలుగు గంటలూ లెక్క వేసుకున్నాడు, గడ్డి ఎంత లేచింది, ఏ వైపు ముందు మేపాలి అని. మా వైపు వాన గడ్డి నాలుగు రోజుల ముచ్చట. అది ఉన్నప్పుడే జీవాలు కండ పట్టాలి. గొర్రెల కాపరికి ఆ సంగతి తెలిశాక మంచం మీద పడుకోమంటే ఎలా పడుకుంటాడు?

"ఆ మంచం మీద నేను ఎవురికి పనికొస్తా అల్లుడా? ఈడైతే వీటికి పనికొస్తా" అన్నాడు తాత. ఆ మాట అనడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

కూతురు అటు తిరిగి ఏడ్చింది. నాకు కోపం, భయం రెండూ వచ్చాయి. ఇంకో రోజు ఆగితే ఈ మనిషి ఉండడని నాకు కనపడుతూనే ఉంది. ఫోటో ఆయన మాత్రం గొర్రెల్ని ఒక్కొక్కటిగా చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "మామా, మేపేది నీ బిడ్డ మేపుతాది. చూసేది నువ్వు చూడు. వారం వారం నేనొచ్చి నీ జీవాల్ని ఫోటో తీసి గోడ మీదికి తెస్తా. ఏ జీవం ఎట్లుందో నువ్వు చూసి చెప్పు. నువ్వు చెప్పినట్టు నీ బిడ్డ చేస్తాది."

ఒక పొట్టేలు పక్కనుంచి పోతే తాత దాని వీపు నిమిరాడు. "అన్నీ రావాల" అన్నాడు.

"అన్నీ వస్తాయి."

"మొకాలు నాకెందుకు. డొక్కలు కనపడాల. మేసిందా లేదా డొక్క చూస్తేనే తెలుస్తాది."

"డొక్కలే తీస్తా మామా. నీ తోడు" అని తాత చేతిలో చెయ్యి వేశాడు.

అప్పుడు లేచాడు తాత. చెరో పక్కా పట్టుకుని దించుకొచ్చాం. కూతురు గొర్రెలతో అక్కడే ఉండిపోయింది. సాయంత్రానికి మిషన్ తాత ఒంట్లో నీరు లాగేసింది, ఊపిరి తేలికైంది. డాక్టరుగారు వచ్చి చూసి, కుర్చీలో కూర్చుని ఒక నిట్టూర్పు విడిచారు. ఫోటో ఆయన గుమ్మం దగ్గర నిలబడి, ఎడమ కన్ను మూసి, తాత ఛాతీ లేచి పడడం చూస్తున్నాడు.

అలా మా వార్డు గోడకు గొర్రెల డొక్కలు వచ్చాయి. తన ఫోటోల్లో మనిషి గానీ జీవం గానీ ఉండకూడదని పట్టుబట్టిన మనిషి ఆయన. పోటీలకు పంపేవాడు, ఒకసారి సర్టిఫికెట్టు కూడా తెచ్చుకున్నాడు. ఆ మనిషి ప్రతి ఆదివారం బస్సు దిగి, కొండెక్కి, గొర్రెల వెనక పడి తిరిగేవాడు. అవి ఒకచోట నిలవవు. ఇటు డొక్క కావాలంటే అటు తిరుగుతాయి. "కదలొద్దు, కదలొద్దు అని గొంతు పోయింది సిస్టరూ. పెండ్లికూతుళ్లు గూడా ఇంత సతాయిచ్చలేదు" అని గొణిగేవాడు. గొణుగుతూనే కొత్త సన్‌బోర్డు విప్పేవాడు.

తాత పరీక్ష చేసే తీరు చూడాలి. ఒక చేయి మిషన్‌కు ఇచ్చి, రెండో చేయి కళ్ల మీద అడ్డం పెట్టుకుని, ఒక్కోదాన్నీ చూసేవాడు. "ఆ నల్లచెవి దానికి డొక్క లోపలికి పోయింది. దాన్ని ఎనక నడిపియ్యొద్దని చెప్పు." "ఆ పొట్టేలు ఒక్కటే పక్కనుంది ఏంది? కాలు చూడు." కూతురికి ఫోన్లో చెప్పేవాడు, ఆ అమ్మాయి సరే సరే అనేది. కొన్నిసార్లు తాత చెప్పింది తప్పయ్యేది. కాలు బాగానే ఉండేది, ఆ పొట్టేలుకు పొగరు, అంతే. అయినా ఆ అమ్మాయి కాలు చూసి, కట్టు కట్టి మరీ చెప్పేది. మెల్లగా వార్డంతా గొర్రెల మనుషులయ్యారు. తర్లుపాడు రైతుకు నల్లచెవిది ఇష్టం. అవ్వ మాత్రం కొత్తగా పుట్టిన తెల్ల పిల్ల కనపడకపోతే ఊరుకునేది కాదు. "దాని తల్లి పక్కన నిలబెట్టి తియ్యకూడదా నాయనా" అని ఆయన్ని దబాయించేది.

"నల్లమల చూపిచ్చే మనిషిని, గొర్రెల ఫోటోగ్రాఫరునై కూర్చున్నా" అనేవాడు నాతో. అనేటప్పుడు మొహంలో బాధ ఏమీ ఉండేది కాదు. ఆ రెండేళ్లలో ఉన్నంత హాయిగా ఆయన ఎప్పుడూ ఉండలేదేమో. నేనూ అంతే. పనికిరాని వస్తువు ఉంటే చిరాకుపడే నేను, సోమవారం పొద్దున గేటు వైపు చూస్తూ ఉండేదాన్ని.

చివరిసారి ఆయన్ని చూసింది కూడా ఆ గోడ దగ్గరే. కొత్త ఫోటో తగిలించి, సరిగ్గా ఉందా లేదా అని వెనక్కి వెనక్కి నడుస్తూ సెలైన్ స్టాండుకు కొట్టుకున్నాడు. వెనక్కి తిరక్కుండానే, "చూసుకోలేదమ్మా, ఏమనుకోవాకు" అని స్టాండుకు చెప్పాడు. వార్డంతా ఘొల్లుమంది. అందరితో పాటు తనూ నవ్వి, జేబులు తడుముకుంటూ వెళ్లిపోయాడు.

ఆ శనివారం గిద్దలూరులో పోయాడు. స్టూడియోలో ఎవరికో పాస్‌పోర్టు ఫోటో తీస్తూ, "కదలొద్దు" అని, తనే అలా కుర్చీలో కూర్చుండిపోయాడట. నిజమో కాదో నాకు తెలియదు. ఆయన గురించి అలాంటి కథలే పుడతాయి. కబురు వినగానే నేను మందుల గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను. సొంత అన్న పోయినట్టే ఏడ్చాను.

కళ్లు తుడుచుకున్నాక తాత గుర్తొచ్చాడు. కూతురికి ఫోన్ చేశాను. వాళ్లకు అప్పటికే తెలుసు. "అన్నం ముట్టలేదు సిస్టరమ్మా నాయన. మాటిచ్చినోడే పోయినాక నేను ఎవురికి రావాల అంటా ఉండాడు" అంది. నేను ఏదో చెప్పబోతే ఆ అమ్మాయే, "నేను చూస్తాలే" అని పెట్టేసింది.

సోమవారం బస్సు టైము దాటింది. మంచం సిద్ధం చేసి, మిషన్ పెట్టి, పదిసార్లు గుమ్మం వరకు వెళ్లాను. ఇక రారనుకుంటుండగా ఇద్దరూ వచ్చారు. కూతురి చీర అంచుకు పల్లేరు కాయలు అంటుకుని ఉన్నాయి. తాత నేరుగా గోడ వంక చూశాడు. గోడ మీద ఆయన ఆఖరున పెట్టిన ఫోటో అలాగే ఉంది. "అది పాతది" అని కూతురి వైపు తిరిగి, "పాపకియ్యి" అన్నాడు. ఆ అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చింది. పొద్దున్నే కొండెక్కి తీసిందట.

ఆఫీసులో ప్రింటరు ఉంది, అందులో రంగులు రావు. మామూలు కాగితం మీద తీసి తెచ్చి, నాలుగు మూలలా ప్లాస్టర్ వేసి గోడకు అంటించాను. గొర్రెలన్నీ బూడిద రంగులో ఉన్నాయి. కొండ ఒక పక్కకు ఒరిగింది. ఒక మూల ఆ అమ్మాయి వేలు అడ్డం వచ్చింది. తాత చేయి కళ్లకు అడ్డం పెట్టుకుని, పెదాలు కదుపుతూ ఒక్కోదాన్నీ చూశాడు.

"వంకరొచ్చింది పాపా" అన్నాడు.

"అవును తాతా."

"మా అల్లుడైతే దీన్ని గోడకు పెట్టనియ్యడు." కళ్లు తుడుచుకున్నాడు. మళ్లీ చూశాడు. "డొక్కలు గూడా సరిగ్గా తెలవడం లేదు. గురువారం వచ్చేటప్పుడు బిడ్డను ఇంకొంచెం దగ్గరికి పోయి తియ్యమంటా" అని, మంచం మీద వాలి, సూది కోసం నా వైపు చేయి చాపాడు.